చుక్కాని కదిలిన మధ్యాహ్నాలు

మొన్న మా మనవడు డ్రోన్ ఒకటి తెచ్చుకున్నాడు. అట్టపెట్టె విప్పి, రిమోట్ మీద ఏదో మీట నొక్కి పట్టుకున్నాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"పెయిరైపోయింది అమ్మమ్మా" అన్నాడు.

"అప్పుడేనా?"

"ఇంకెంతసేపు పడుతుంది?" అని నవ్వి డాబా మీదికి పరుగెత్తాడు. నేను ఆ ఖాళీ పెట్టె దగ్గరే కూర్చుండిపోయాను. అలా జత కలపడానికి మాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. దాని తరవాత వచ్చిన చలికాలం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పుడు మేము బెజవాడలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఉండేవాళ్ళం. అమ్మ ఆ ఆసుపత్రిలోనే నర్సు. నాన్న రైల్వేలో, ఇంట్లో ఉన్న రోజులకన్నా రైల్లో ఉన్న రోజులే ఎక్కువ. ఇల్లు అమ్మమ్మది. ముందు పెంకుటిల్లు, వెనక వంటింటి మీద చిన్న డాబా. పొద్దున లేచేసరికి ఒక పక్కనుంచి ఆసుపత్రి ఫినాయిలు, ఇంకో పక్కనుంచి కాలవ పాచి, మధ్యలో అమ్మమ్మ డికాక్షను. ఈ మూడు వాసనలూ కలిస్తేనే నాకు తెల్లారినట్టు.

మావయ్య అమ్మకి తమ్ముడు, అమ్మమ్మకి ఒక్కడే కొడుకు. దివిసీమలో, సముద్రం హోరు వినపడేంత దగ్గర ఊళ్ళో, మిషన్ బళ్ళో సైన్సు మాస్టారు. శనివారం సాయంత్రం బస్సు దిగేవాడు. సంచిలో అమ్మమ్మకి ఎండు రొయ్యలు, నాకు తేగలో, ముంజలో, ఏది దొరికితే అది. ఉయ్యూరు దాటేటప్పుడు బస్సులోకి కొట్టే చెరుకు పాకం వాసన అతని చొక్కాకి పట్టుకుని మా ఇంటిదాకా వచ్చేది. కీర్తనలు శ్రుతి లేకుండా పాడేవాడు. అమ్మమ్మ చెవులు మూసుకునేది. "దేవుడికి సహనం ఎక్కువ కాబట్టి సరిపోయిందిరా" అనేది.

ఆసుపత్రిలో పనిచేసిన తెల్లదొర డాక్టరు ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ, మావయ్యకి ఒక చెక్కపెట్టె ఇచ్చి వెళ్ళాడు. అందులో చిన్న ఇంజను, పొడుగాటి ఏరియల్ ఉన్న ట్రాన్స్‌మిటరు, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన రిసీవరు ఉన్నాయి. గాల్లో ఎగిరే బొమ్మ విమానాన్ని నేలమీద నిలబడి తిప్పే సామాను అది. మావయ్య ట్రాన్స్‌మిటరుకి 'నోరు' అనీ, రిసీవరుకి 'చెవి' అనీ పేరు పెట్టాడు. మా ఇంట్లో అందరికీ అవే పేర్లు అలవాటయ్యాయి.

తీరా చూస్తే నోరు మాట్లాడుతోంది గాని చెవికి వినపడటంలేదు. ఆ దొర దగ్గర రెండు జతలుండేవట. ఒక జతలో నోరూ, ఇంకో జతలో చెవీ మాకు వచ్చాయి. ప్రతిదాంట్లో గోరంత రేకుడబ్బీ ఉంటుంది, క్రిస్టల్ అంటారు. మా నోట్లో దానికి పసుపు రంగు పట్టీ, చెవిలో దానికి ఆకుపచ్చ పట్టీ. మావయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"రెండిట్లోనూ పసుపుదే ఉండాలి. కానీ నోట్లోది తీసి చెవిలో పెడితే పనిచెయ్యదు. రెండూ అచ్చం ఒకటే కాదు. మధ్యలో కాస్త ఎడం ఉంటుంది. ఆ ఎడం మారకుండా ఉంటేనే జత."

"ఎడం ఉంటే జత ఎలా అవుతుంది మావయ్యా?"

"మీ అమ్మా నాన్నా కాలేదూ?" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ గరిటె చూపించింది.

ఆ రెండో పసుపు క్రిస్టల్ కోసం మావయ్య వేసవి సెలవుల్లో మద్రాసు వెళ్ళి, పాత సామాన్ల బజారంతా గాలించి వచ్చాడు. అతను వెళ్ళకముందే మేము విమానం కట్టాం. తేలిక చెక్క కోసం కొండపల్లి వెళ్ళాం. బొమ్మలు చేసే ముసలాయన ఇంటి ముందు పొణికి దుంగలు ఎండుతున్నాయి. వాకిలంతా చెక్కపొట్టు, చింతగింజల జిగురు వాసన. ఎందుకో విని ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"ఇది అంబారీ ఏనుక్కని దాచానండీ. ఎగిరేదానికంటున్నారు గాబట్టి పట్టుకెళ్ళండి. నా చేతిలో చెక్క ఇంతవరకూ ఎగిరింది లేదు."

గాలిపటాల కాగితం గంజితో రెక్కలకి అంటించాను. తోక చివర అటూ ఇటూ ఊగే పలకని మావయ్య చుక్కాని అనేవాడు, పడవకున్నట్టే. చెవికి వినపడితే చిన్న మోటారు తిరిగి ఆ చుక్కానిని లాగుతుంది.

మద్రాసునుంచి వచ్చిన రోజు మావయ్య చెప్పులు కూడా విప్పలేదు. క్రిస్టల్ పెట్టి, వీధి గుమ్మంలో నిలబడి మీట ఎడమకి నెట్టాడు. పెరట్లో నా ఒళ్ళో ఉన్న విమానం చుక్కాని టక్కున ఎడమకి తిరిగింది. మధ్యలో తీగ లేదు, తాడు లేదు. మూడు గదుల అవతల మావయ్య చెయ్యి కదిలితే నా ఒళ్ళో చెక్క కదిలింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు వచ్చి ఎవరి మీదో నేరాలు చెబుతుంటే, మేము గూట్లో కొండపల్లి పంతులు బొమ్మ చేతికి ఆ మోటారు దారంతో కట్టి ఉంచాం. ఆవిడ ఒక్కో మాట అన్నప్పుడల్లా పంతులు చెయ్యెత్తి వద్దు వద్దన్నట్టు ఊపేవాడు. పిన్నిగారు "యేసయ్యా" అని చెంబు వదిలేసి పరుగెత్తింది. అమ్మమ్మ చీపురు తీసుకుని కొడుకు వెంటపడింది.

"దెయ్యం కాదమ్మా, ఇదిగో ఇది" అని మావయ్య నోటిపెట్టె చూపించాడు. "భయపడకు. నా చేతి మాట తప్ప అది ఇంకెవరి మాటా వినదు."

అమ్మమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. అప్పుడు మాకెవరికీ తెలియలేదు.

బ్యారేజీ కింద కృష్ణ ఎండిపోయి ఇసుకమేటలు పడ్డప్పుడు విమానం ఎగరేసేవాళ్ళం. ఈథరూ, కిరసనాయిలూ, ఆముదమూ కలిపి ఇంజనులో పోసేవాడు. అది కాలుతుంటే ఆపరేషను గదీ వంటిల్లూ కలిపి వండినట్టుండేది. ముందుగా నేను విమానం పట్టుకుని పుచ్చపాదుల దాకా నడిచేదాన్ని. మావయ్య బయల్దేరిన చోటే నిలబడి మీటలు కదిపేవాడు. చుక్కాని కదులుతున్నంతసేపూ నేను తువ్వాలు ఊపాలి. ఊపడం ఆపేశానంటే అక్కడికి అందడం లేదని గుర్తు.

ఎగరేయడంలో మావయ్యకన్నా నేనే నయం. విమానం మనకేసి వచ్చేటప్పుడు కుడి ఎడమవుతుంది. మావయ్య అక్కడ తికమకపడి దాన్ని ఇసుకలో గుచ్చేసేవాడు. నేను కళ్ళు మాత్రం ఇక్కడ ఉంచి, మిగతా ఒళ్ళంతా విమానంలో కూర్చుందనుకునేదాన్ని. ఒకసారి అది రైలు వంతెనకేసి వెళ్ళి, మలుపు తిరిగి, ఎండలో రెక్కలు నారింజ రంగులోకి మారి, మా తలల మీదుగా వచ్చింది. "పైలట్ గారూ, నన్ను కూడా ఎక్కించుకోండి" అని మావయ్య ఇసుకలో దాని నీడ వెనక పరుగెత్తాడు. నాకు అతను ఎప్పుడు గుర్తొచ్చినా అలాగే, వెనకనుంచి, పరుగెత్తుతూనే గుర్తొస్తాడు.

క్రిస్మస్‌కి నెలరోజులుందనగా రెక్క విరిగింది. దాన్ని బాగుచేసే పని నాది. నోట్లో ఒక మీట వదులైతే, బడి ల్యాబులో అతికించుకుంటానని మావయ్య దాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

"ఈ శనివారం రానమ్మా. హాస్టలు వార్డెను ఊరెళ్తున్నాడు, పిల్లల దగ్గర నేనుండాలి" అన్నాడు అమ్మమ్మతో. నాకేసి తిరిగి, "పై వారానికి రెక్క ఆరిపోవాలి, పైలట్ గారూ" అన్నాడు.

ఆ శనివారమే ఉప్పెన.

బెజవాడలో మాకు పెంకులు లేచిపోయాయి, వేపకొమ్మ విరిగి నూతి గట్టు మీద పడింది. అదే పెద్ద గాలివాన అనుకున్నాం. తరవాత కబుర్లు రావడం మొదలయింది. దివికి బస్సుల్లేవన్నారు. ఆ తరవాత ఊళ్ళే లేవన్నారు. ఆసుపత్రివాళ్ళ లారీలో అమ్మ మందులు తీసుకుని వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చీర కుచ్చిళ్ళు బురద ఎండి అట్టకట్టాయి. ఎన్ని బకెట్లు పోసుకున్నా ఆమె దగ్గర ఆ వాసన పోలేదు. నేను పక్కలోకి వెళ్తే "వద్దమ్మా, అటు పడుకో" అంది.

అమ్మ చూసి వచ్చింది ఇదీ. బడి డాబా నిలబడింది. మావయ్య ఎత్తి డాబా మీదికి అందించిన పిల్లలు బతికారు. వెనక పాకలో ఇంకా పిల్లలున్నారని దిగి వెళ్ళాడట. ఆ తరవాత అతన్ని ఎవరూ చూడలేదు.

"ఎవరూ చూళ్ళేదా?" అంది అమ్మమ్మ.

"లేదమ్మా."

"అంటే పోయాడని కూడా ఎవరూ చూళ్ళేదు కదా."

పాస్టరుగారు వచ్చి జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడు పెట్టుకుందామని మెల్లిగా అడిగారు. అమ్మమ్మ కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, "ఇది తాగండి పాస్టరుగారూ. ఆ మాట మాత్రం ఎత్తకండి" అంది. ఆ క్రిస్మస్‌కి నక్షత్రం వద్దని అమ్మ అంటే వినలేదు. "వాడొస్తే ఇల్లు గుర్తుపట్టొద్దూ?" అని తనే నిలబడి కట్టించింది. పండగ వెళ్ళిపోయినా దింపనివ్వలేదు. పగలు ఎండకి రంగు వెలిసిపోతూ అది గుమ్మానికి వేలాడుతూ ఉండేది.

ఒకరోజు భోజనాలయ్యాక అమ్మమ్మ నన్ను పిలిచింది. "ఆ విమానం పట్రావే. చెవి అందులోనే ఉంది కదూ?"

"ఉంది."

"నోరు వాడి దగ్గరుంది. వాడి మాట తప్ప ఇది ఎవరి మాటా వినదన్నాడు. దీన్ని వెయ్యి."

"అంత దూరం అందదు అమ్మమ్మా. నది అవతలికి కూడా అందదు."

"వాడు ఎంత దూరంలో ఉన్నాడో నీకు తెలుసా?"

బ్యాటరీలు వేసి మీట నొక్కాను. ఆ రోజునుంచి మధ్యాహ్నం ప్రార్థన కాగానే విమానాన్ని డాబా మీద పీట వేసి కూర్చోబెట్టడం, అమ్మమ్మ దానికెదురుగా కూర్చుని తోకకేసి చూడటం. ఆమె పెదవులు కదులుతుండేవి. చుక్కాని కదిలేది కాదు. నాకు నమ్మకం లేదు, కానీ నేను కూడా చూసేదాన్ని. రెప్ప వేస్తే ఆ రెప్పపాటులో కదిలిపోతుందేమోనని భయం.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం అది కదిలింది.

మొదట వణికింది. తరవాత ఎడమకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది, ఎవరో మీట గట్టిగా పట్టుకున్నట్టు. మోటారు చిన్నగా మూలిగింది. మళ్ళీ మధ్యకి వచ్చింది. మళ్ళీ ఎడమకి. అమ్మమ్మ లేవలేదు, అరవలేదు. ముందుకు వంగి, నిద్రపోయే పిల్లాడి దగ్గర మాట్లాడినట్టు, "నాయనా, అన్నం తిన్నావా?" అంది.

మెట్ల మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాను. మోటారు మూలుగు మాత్రం వినపడుతూనే ఉంది.

మర్నాడూ కదిలింది. ఆ పై రోజు కూడా. పిన్నిగారు వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ద్వారా ఊరంతా తెలిసింది. ఒకరోజు గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. దివినుంచి వచ్చి బంధువుల పంచన ఉంటున్నాడట. తువ్వాలు చేతుల్లో నలుపుతున్నాడు.

"అమ్మా, తమరి మిషను పోయినోళ్ళ కబురు చెబుతాదంట. మా మనవరాలి సంగతి కూడా కాస్త అడగండమ్మా. నా సెయ్యి జారిపోయిందమ్మా అది."

అమ్మమ్మ ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది. చుక్కాని వణికింది. ఎడమకి తిరిగింది.

"ఏవంటంది?" అన్నాడాయన.

అమ్మమ్మ నోరు తెరిచింది. ఏమీ చెప్పలేకపోయింది. ఆయన చాలాసేపు కూర్చుని, మెట్లన్నిటినీ చేత్తో తడుముకుంటూ దిగి వెళ్ళిపోయాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అమ్మ ఇదంతా మెట్ల కిందనుంచి వింది.

ఆ సాయంత్రం అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "మా ఆసుపత్రికి కొత్త మిషనొకటి వచ్చింది. పట్టేసిన కీళ్ళకి వేడి పెట్టేది. అది వేస్తే వార్డులో రేడియో గురగురమంటోంది. మనింట్లో ఇది కదిలేదీ ఆ వేళకే. రేపు నువ్వు డాబా మీదనుంచి మా వెనక కిటికీ చూడు. మిషను వేసినంతసేపూ తెర మూస్తాను. ఆపగానే తీస్తాను."

మర్నాడు అమ్మమ్మ కునుకు తీస్తోందని చూసుకుని డాబా ఎక్కాను. అమ్మ చెయ్యి కనిపించింది. తెర మూసుకుంది. చుక్కాని వణికి ఎడమకి తిరిగింది. తెర తీసింది. చుక్కాని ఆగింది. మళ్ళీ మూసింది. మళ్ళీ తిరిగింది. నాకు తెలిసిపోయింది. వెనక్కి తిరిగితే అమ్మమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో! ఒకసారి కిటికీకేసి, ఒకసారి తోకకేసి చూస్తోంది. తెర తెరుచుకుంది. చుక్కాని ఆగిపోయింది.

"అది మీ అమ్మ చెయ్యి కదూ?" అంది.

"అవును అమ్మమ్మా."

కొంగు సర్దుకుంది. తరవాత, "నన్నక్కడికి తీసుకెళ్ళు" అంది.

ఆసుపత్రి వెనక గదిలో ఒక బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. మావయ్య వయసే ఉండొచ్చు. భుజానికి ముందూ వెనకా రెండు రబ్బరు పలకలు, వాటినుంచి తీగలు, పక్కన హోరుమంటూ బీరువా అంత యంత్రం. అమ్మ మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"ఈ పిల్లకేమైంది?" అంది అమ్మమ్మ.

"తాడిచెట్టు పట్టుకుని వేలాడిందమ్మా, నీళ్ళు తీసేదాకా. భుజాలు రెండూ పట్టేశాయి. చెయ్యి పైకి రాదు. దివినుంచి తెచ్చినవాళ్ళలో ఇట్లాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. రోజూ మధ్యాహ్నం వాళ్ళకే ఇది పెడుతున్నాం."

అమ్మమ్మ గదిలోకి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడింది. "మా వాడు అక్కడ మాస్టారమ్మా. పొడుగ్గా ఉంటాడు. పాట సరిగ్గా పాడలేడు. చూశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "మాది ఇంకో ఊరండి" అంది. చూడలేదన్నందుకు తనదే తప్పయినట్టు కళ్ళు దించుకుంది. అమ్మమ్మ ఆ కళ్ళకేసి చూసి, ఇంకేమీ అడగలేదు. ఆమె జుట్టు జడలు కట్టి ఉంది. చెయ్యి లేవని మనిషికి ఎవరు దువ్వుతారు? అమ్మమ్మ తన కొప్పులోంచి దువ్వెన తీసింది.

ఆ మర్నాటినుంచి మధ్యాహ్నమయ్యేసరికి అమ్మమ్మ డాబా ఎక్కడం మానేసి ఆసుపత్రికి వెళ్ళేది. కొబ్బరినూనె సీసా, దువ్వెన, కారప్పొడి చల్లిన అన్నం ముద్దలు పట్టుకెళ్ళేది. ఒక్కొక్కళ్ళకీ తల దువ్వేది, తినిపించేది. మొదట్లో ప్రతి ఒక్కరినీ మావయ్య గురించి అడిగేదట. తరవాత తరవాత వాళ్ళవాళ్ళ గురించి అడగడం మొదలుపెట్టిందని అమ్మ చెప్పింది. ఆ ముసలాయన్ని కూడా వెతికి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఒక ఆదివారం, ఆ యంత్రం గదికి తాళం వేసి ఉంటుందని తెలిసే, నేనొక్కదాన్నీ డాబా ఎక్కాను. చర్చినుంచి కీర్తన వినపడుతోంది. చెవి మీట నొక్కి కూర్చున్నాను. తోక కదల్లేదు. ఎండ పిట్టగోడ దిగి నా కాళ్ళ మీదికి వచ్చేదాకా చూశాను. కదల్లేదు. అది కదిలినప్పుడు కలిగిన భయంకన్నా ఈ నిశ్శబ్దం ఎక్కువ భయం వేసింది. మావయ్య పోయాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే. రెక్కకి నేను అంటించిన కాగితం ఎప్పుడో ఆరి, డప్పులా బిగిసి ఉంది.

ఒక్కొక్కళ్ళే కోలుకుని వెళ్ళిపోయారు. ఎవరు ఎక్కడికి వెళ్ళారో, వెళ్ళడానికి ఏం మిగిలిందో నేనడగలేదు. చివరికి తాడిచెట్టు పట్టుకున్న ఆమె ఒక్కతే మిగిలింది. మామిడికాయలు వస్తున్న రోజులవి. అమ్మమ్మ వెంట నేను కూడా వెళ్ళాను. అమ్మమ్మ ఎప్పట్లాగే ఆమె జుట్టు విప్పి దువ్వి, ముడివేయబోతుంటే, "ఉండండి మామ్మగారూ" అందామె. పళ్ళు బిగబట్టి మెల్లిగా చేతులు లేపింది. భుజం దాటాయి. చెవులు దాటాయి. రెండు చేతులూ తల వెనక్కి తీసుకెళ్ళి, వణుకుతూ వణుకుతూ, తన ముడి తనే వేసుకుంది. అది వదులుగా, వంకరగా వచ్చింది. ఆమె నవ్వింది. అమ్మ చప్పట్లు కొట్టింది. అమ్మమ్మ మాత్రం చేతిలో దువ్వెనతో అలాగే నిలబడింది.

ఇంటికి వస్తుంటే సగం దారిలో అమ్మమ్మ ఆగింది.

"పాస్టరుగారితో చెప్పవే. వచ్చే ఆదివారం ఆ కూడిక పెట్టుకుందాం" అంది అమ్మతో.

అమ్మ సరేనంది. గుమ్మంలోకి రాగానే అమ్మమ్మ స్టూలు అడిగి, వెలిసిపోయిన ఆ నక్షత్రాన్ని తనే దింపింది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, అమ్మ లేదు. ఆ పెంకుటిల్లూ లేదు. వీధి మాత్రం ఉంది, మనుషులు వేరు. సమాధుల దొడ్లో అమ్మమ్మ పక్కన మావయ్యకని కొంత జాగా ఖాళీగా వదిలేశాం. అలా వదలమని ఆమే చెప్పి పోయింది. సమాధుల పండగనాడు అమ్మమ్మకీ అమ్మకీ కొవ్వొత్తులు పెట్టాక ఆ ఖాళీ నేల మీద ఇంకొకటి పెడతాను. అక్కడ రాయి లేదు, అడ్డు లేదు, అందుకని గాలికి ముందు అదే ఆరిపోతుంది. కాసేపు చీకట్లో ఆ జాగాకేసి చూస్తూ నిలబడతాను. తరవాత వంగి మళ్ళీ వెలిగిస్తాను.